24 వోల్టుల బండికి 12 వోల్టుల వైపర్ మోటార్: ఏ దారి పట్టాలె, ఏది వదిలెయ్యాలె

వానాకాలం మొదలైందంటే నాకొచ్చే ఫోన్లల్ల సగం ఇదే ముచ్చట. "అన్నా, బండి మిర్యాలగూడ మిల్లు కాడ లోడు మీద ఉంది, వైపర్ మోటార్ కాలిపోయింది, ఈడ దుకాణంల బొలెరోది ఉందంటున్నరు, పెట్టియ్యాల్నా?" పెట్టిస్తే తిరుగుతది, తిరగక పోదు. ఎంతసేపు తిరుగుతదన్నదే లెక్క. బొలెరోది 12 వోల్టులు, ఆయన లారీ 24. నల్లగొండ సైడు బండ్ల కరెంటు పని చేసుకుంట బతుకుతున్నోణ్ణి, ఈ 12-24 పంచాయితీల నేను చేసిన తప్పులు కొన్ని, వేరేటోళ్లు చేసి నా నెత్తిన పెట్టిన తప్పులు కొన్ని, అన్నీ కలిపి ఏ దారి ఎవరికి పనికొస్తదో రాస్తున్న.

ముందుగాల మీ బండి ఎన్ని వోల్టులో చూస్కోండి. కార్లు, జీపులు, బొలెరో, టాటా ఏస్, ట్రాక్టర్లు, జేసీబీ 3డీఎక్స్, ఇవన్నీ 12. పెద్ద లారీలు, టిప్పర్లు, బస్సులు, పెద్ద ప్రొక్లెయిన్లు 24. డీసీఎంల (నడిమి సైజు లారీల) లెక్క మాత్రం నోటితో చెప్పరాదు, రెండు రకాలూ చూసిన. రెండు బ్యాటరీలున్నయి కాబట్టి 24 అనుకోకండి, కొన్నిట్ల రెండు బ్యాటరీలు పక్కపక్కన ప్లస్‌కు ప్లస్ కలిపి 12 కిందనే ఉంటయి. మల్టీమీటర్ పెట్టి ఇంజన్ నడిచేటప్పుడు చూడండి, 14 చిల్లర లోపల చూపిస్తే 12 బండి, 27, 28 చూపిస్తే 24 బండి.

మోటార్ మీద స్టిక్కర్ పోయింది, తుక్కుల దొరికింది, అది 12దో 24దో తెల్వదు, అప్పుడెట్ల? దీనికి నేను చేసే పని చెప్త. లింకేజ్ (మోటార్ నుంచి వైపర్ ఆర్మ్‌ల దాకా పోయే రాడ్లు) ఊడదీసి మోటార్ ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి, మంచి 12 బ్యాటరీతో స్లో వైరుకు కరెంటిచ్చి, బయట తిరిగే క్రాంక్ మీద చాక్‌పీస్‌తో గీత గీసి, ఫోన్ల నిమిషం పెట్టుకొని చుట్లు లెక్కపెడ్త. 40, 45 చుట్ల దాకా తిరిగితే అది 12ది. 20, 22 కాడనే మెల్లగ తిప్పుకుంట కూసుంటే 24ది. ఇప్పటిదాకా ఈ లెక్క తప్పింది లేదు, ఒక్కసారి తప్ప, ఆ ఒక్కసారి కూడా లోపల గ్రీజు గడ్డకట్టి గట్టి పడ్డది గానీ మోటార్ తప్పు కాదు.

ఇంకొక మాట, మోటార్ మార్చే ముందు నిజంగనే కాలిందా చూడండి. నా కాడికి "కాలింది" అని వచ్చిన వాటిల్ల మస్తు కాలనివే. కార్బన్లు అరిగిపోయి ఉంటయి, లేకుంటే లోపల నైలాన్ గేరు పండ్లు రాలి ఉంటయి, లేకుంటే ఆటో స్టాప్ కాంటాక్టు పచ్చబడి ఉంటది. మనకాడ ఎర్రమట్టి దుమ్ము ఎట్లుంటదో తెలిసిందే కదా, పత్తి మిల్లు రోడ్లు, కంకర క్వారీ రోడ్లు తిరిగిన బండికి లింకేజ్ బాల్ జాయింట్లల్ల దుమ్ము పోయి రాయి లెక్క బిగుసుకుంటది. మోటార్ ఊడదీసినంక వైపర్ ఆర్మ్‌ను చేత్తో అటిటు కదిలిచ్చి చూడండి, చేతికే బరువుగ ఉంటే ఏ మోటార్ పెట్టినా అది కూడ కాలుతది, అప్పుడు 12, 24 అని కొట్లాడేది ఏం లేదు, ముందు జాయింట్లు కడిగి గ్రీజు పెట్టాలె.

సరే, నిజంగనే పోయింది, చేతిల ఉన్నది 12ది, బండి 24ది. నేరుగ పెడితే ఏమైతదంటే స్పీడు దాదాపు రెండింతలైతది, బ్లేడు అద్దం మీద ఫ్యాన్ లెక్క కొట్టుకుంటది, చివర కాడ పక్క రబ్బరును టపటప తంతది. ఇది కంటికి కనబడేది. కనబడంది ఏందంటే, బ్లేడు యాడన్న ఇరుక్కొని మోటార్ ఆగిపోయిందనుకోండి, 12 మీద 20 ఆంపియర్లు గుంజే మోటార్ 24 మీద 40 గుంజాలని చూస్తది, కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. ఫ్యూజు పోతే బతికినట్టు, పోకుంటే ఆర్మేచర్, అంటే లోపల తిరిగే వైండింగ్ భాగం, పోతది. లోపలుండే ఫెర్రైట్ అయస్కాంతం కూడ అంత కరెంటుకు బలం తగ్గిపోతది, తర్వాత 12 మీద పెట్టినా మునుపటి దమ్ముండదు. అందుకే "కొంచెంసేపే కదా, ఊరు దాకా పోతే చాలు" అనేది నాకైతే నచ్చదు.

ఇగ దారులు. మొదటిది, అందరూ ఆఖరుకు ఆలోచించేది, నేను ముందు చెప్పేది: అదే కుటుంబపు 24 మోటార్ వెతుక్కోండి. లూకాస్ టీవీఎస్ లాంటి కంపెనీలు వైపర్ మోటార్లు 12లోనూ 24లోనూ చేస్తయి, మీకు కావాల్సింది దుకాణంల ఉన్న 12 దాని అన్న అయి ఉండొచ్చు. విజయవాడ రోడ్డు మీద హైదరాబాద్ దిక్కు పోతుంటే హయత్‌నగర్ దాటినంక ఆటోనగర్, మనకు పొద్దున పోతే మధ్యాహ్నానికి రావొచ్చు, లారీ సామాను ఆడ దొరకంది తక్కువ. ఇంకో కిటుకు, చాలా మోటార్లల్ల గేరు డబ్బా ఒక్కటే ఉండి ఆర్మేచర్ మాత్రమే మారుతది, గేరు పోయి ఆర్మేచర్ బాగున్న 24 మోటార్ తుక్కుల దొరికితే, మీ దాంట్ల గేరు బాగుంటే, రెండు చెడిపోయిన వాటిల్లకెల్లి ఒక మంచిది తయారైతది. షాఫ్ట్ మీద వార్మ్ (గేరును తిప్పే మర) గీతల సంఖ్య, బేరింగ్ సైజు రెండూ సరిపోతున్నయా చూస్కోవాలె, అంతే. రోజూ 65 నంబర్ హైవే మీద రాత్రి పూట తిరిగే బండికి నేను దీన్ని తప్ప ఇంకోటి చెప్పను.

రెండోది 24 నుంచి 12 చేసే కన్వర్టర్. ఇది మంచిదే, కానీ జనం దీంట్లనే ఎక్కువ తప్పు చేస్తరు, నేను కూడ చేసిన, కాబట్టి దీని కాడ కొంచెం సేపు ఆగుదాం.

సైజు ముచ్చట ముందు. 12 మోటార్ తడి అద్దం మీద నడిచేటప్పుడు 3 నుంచి 5 ఆంపియర్లు తీసుకుంటది, అది చూసి 5 ఆంపియర్ల కన్వర్టర్ కొంటరు. కానీ స్విచ్ వేసిన ఆ క్షణాన మోటార్ ఆగి ఉన్నట్టే కదా, 15, 20 దాకా గుంజుతది, చిన్న కన్వర్టర్ అది చూసి భయపడి కట్ అయితది, మళ్ల ఎత్తుకుంటది, మళ్ల కట్, వైపర్ వణుకుడు రోగమొచ్చినట్టు కొట్టుకుంటది. ఇంక కొందరు ఆన్‌లైన్ల నీలం రంగు చిన్న బోర్డు, ఎల్ఎం2596 అంటరు, తక్కువకు వస్తదని తెప్పిచ్చుకుంటరు, దాని దమ్ము గట్టిగ 3 ఆంపియర్లు, అది ఫోన్ ఛార్జింగుకు, ఎల్ఈడీ బల్బులకు, వైపర్‌కు కాదు. ఒక డ్రైవర్ దాన్ని డ్యాష్‌బోర్డు కింద ఇన్సులేషన్ టేప్ చుట్టి పెట్టుకొచ్చిండు, విప్పి చూస్తే టేపు కరిగి బోర్డుకు అంటుకుపోయి ఉంది, కింద వైరింగ్‌కు మంట అంటుకోలేదు, అదే అదృష్టం. వైపర్‌కు తీస్కుంటే 20 ఆంపియర్లది, అల్యూమినియం డబ్బాల లక్క లాంటిది పోసి మూసినది తీస్కోండి, నీళ్లకూ వైబ్రేషన్‌కూ అదే నిలుస్తది, ఇంజన్ వేడి తగలని కాడ ఇనుప రేకుకు బిగించాలె.

ఇగ నా తప్పు. దేవరకొండ రోడ్డు మీద కంకర తోలే ఒక టిప్పర్‌కు 12 మోటార్ పెట్టి, కన్వర్టర్ అవుట్‌పుట్ తీసి స్లో స్పీడ్ వైరుకు, ఫాస్ట్ వైరుకు పోయే లైనుకు ఇచ్చిన. వేసి చూస్తే బ్రహ్మాండంగ నడిచింది. ఆపిన. ఆపంగనే ఆర్మ్ ఒక్కసారి దెబ్బ తిన్న పాము లెక్క సర్రున మళ్లి కిందికొచ్చి రబ్బరుకు తగిలి ఆగింది. మళ్ల వేసిన, మెల్లగ మంచిగ నడిచింది, ఆపిన, మళ్ల అదే. ఓనరు నవ్విండు, నాకు నవ్వు రాలే.

ఎందుకట్లయిందో చెప్త, ఇది తెలిస్తే సగం పని తెలిసినట్టే. వైపర్ మోటార్‌కు మామూలుగ అయిదు వైర్లుంటయి. ఎర్త్, స్లో, ఫాస్ట్, ఇవి మూడు అందరికీ తెలిసినవే. నాలుగోది ఎప్పుడూ కరెంటుండేది, అయిదోది గేరు లోపలున్న ప్లేటు నుంచి బయటికొచ్చేది. జర్మనీ నంబర్లల్ల చూస్తే 31 ఎర్త్, 53 స్లో, 53బి ఫాస్ట్, 53ఏ ఎప్పుడూ కరెంటు, 53ఈ వాపసు లైను, చాలా బండ్ల డ్రాయింగుల ఇవే ఉంటయి. మీరు స్విచ్ ఆపినంక కూడ వైపర్ నడిమిట్ల ఆగకుండ కిందిదాకా వచ్చి పడుకుంటది కదా, ఆ కొసకు నడిపేది 53ఏ కరెంటు, అది ప్లేటు మీది నుంచి 53ఈ ల వచ్చి, స్విచ్ ఆఫ్ పొజిషన్ల 53తో కలిసి మోటార్‌కు పోతది. పడుకునే కాడికి వచ్చినంక ప్లేటు ఆ లైన్‌ను కరెంటు నుంచి విడదీసి ఎర్త్‌కు తగిలిస్తది, అప్పుడు తిరుగుతున్న మోటార్ తనే డైనమో అయి, షార్ట్ అయి, బ్రేక్ పడ్డట్టు ఆగుతది. నేను 53ఏ వైరును మర్చిపోయిన, దాంట్ల పాత 24 అట్లనే ఉంది. నడిచేటప్పుడు 12 మీద, ఆగేటప్పుడు 24 మీద, రెండింతల స్పీడుల పోయి ఆ బ్రేకు కూడ సరిగ్గ పట్టక రబ్బరుకు గుద్దింది.

కాబట్టి కన్వర్టర్ పెడితే మోటార్ వైర్ల కాడ కాదు, అంతకుముందే, వైపర్ స్విచ్‌కు పోయే కరెంటు, 53ఏకు పోయే కరెంటు రెండూ కన్వర్టర్ నుంచే రావాలె. 24 సైడున 10 ఆంపియర్ల ఫ్యూజు, 12 సైడున 15ది, రెండు సైడులా ఫ్యూజు ఉండాలె. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం చాలు. అట్ల పెట్టినంక ఇంకోటి బయటపడ్తది: అదే స్విచ్ మీద నీళ్లు కొట్టే పంపు ఉంటది, ఆగి ఆగి నడిపే రిలే ఉంటది, అవి 24వి, ఇప్పుడు వాటికి 12 పోతున్నది, పంపు నీళ్లు చిమ్మదు, రిలే టిక్కుమనదు. 12 పంపు, 12 రిలే తెచ్చి పెట్టాలె, తక్కువ ఖర్చే గానీ లెక్కల పెట్టుకోండి, కన్వర్టర్, పంపు, రిలే, నా కూలి అన్నీ కలిపితే సెకండ్ హ్యాండ్ 24 మోటార్ రేటు దగ్గరికొస్తది. అందుకే మొదటి దారి మొదటిది.

మరి కన్వర్టర్ ఎవరికి? ప్రొక్లెయిన్ ఓనర్లకు. దాని 24 వైపర్ మోటార్ కంపెనీది కొనాలంటే కన్నీళ్లొస్తయి, ఒక్కటే బ్లేడు, లోడు తక్కువ, రోడ్డు మీద పరిగెత్తేది కాదు, 12 మోటార్, మంచి కన్వర్టర్ హాయిగ నడుస్తయి. ఇంకోరు, క్యాబిన్ మొత్తం 12 బండిది తెచ్చి 24 ఛాసిస్ మీద కూసోబెట్టినోళ్లు, వాళ్లకు ఎట్లన్న క్యాబిన్ మొత్తానికి పెద్ద కన్వర్టర్ కావాలె కాబట్టి వైపర్ అందుల్నే కలిసిపోతది.

మూడోది పీడబ్ల్యూఎం స్పీడ్ కంట్రోలర్ బోర్డులు, నాబ్ తిప్పితే స్పీడు తగ్గేవి. కాయితం మీద బాగుంటది, 24ను సెకనుకు వేలసార్లు కోసి సగం సేపే ఇస్తది, మోటార్‌కు సగటున 12 పడ్డట్టు. చవక బోర్డులు చాలావరకు మైనస్ సైడును కోస్తయి, ప్లస్‌ను కాదు, ఇక్కడ తిరకాసు. మన మోటార్లల్ల చాలావాటికి మైనస్ అంటే బాడీనే, బాడీ బోల్టులతో ఛాసిస్‌కు తగిలి ఉంటది, అప్పుడు ఆ బోర్డు పక్కకు పడి కరెంటు నేరుగ ఛాసిస్‌కు పోతది, నాబ్ ఎంత తిప్పినా మోటార్ ఫుల్ 24 మీదనే ఎగురుతది. మల్టీమీటర్‌తో కార్బన్‌కూ బాడీకీ మధ్యన కంటిన్యూటీ చూడండి, బీప్ వస్తే ఈ దారి మూసుకుపోయినట్టే. ప్లస్ సైడు కోసే బోర్డు దొరికితే పెట్టొచ్చు గానీ మోటార్ ఇరుక్కున్నప్పుడు అది కూడ పెద్దగ కాపాడదు. టేప్ రికార్డర్ల కీచు సౌండు ఉచితం.

నాలుగోది రెసిస్టరో, హెడ్‌లైట్ బల్బో సిరీస్‌ల పెట్టుడు. ఇది పాతకాలం మేస్త్రీలు చేస్తుండె, ఇప్పటికీ చేసేటోళ్లున్నరు, పెద్దమనుషుల మీద గౌరవం ఉండంగనే చెప్తున్న, వద్దు. లెక్క చూడండి. 28ల 14 తగ్గియ్యాలె, మోటార్ 4 ఆంపియర్లు తీసుకుంటదనుకుంటే 3.5 ఓమ్స్ కావాలె, దాని మీద 56 వాట్ల వేడి, చిన్న సోల్డరింగ్ ఐరన్ డ్యాష్‌బోర్డుల పెట్టుకున్నట్టు. అది సరే, అద్దం ఆరి బ్లేడు గట్టి పడి మోటార్ 6 ఆంపియర్లు అడిగిందనుకోండి, రెసిస్టరే 21 వోల్టులు మింగుతది, మోటార్‌కు మిగిలేది 7. బలం కావాల్సిన టైంల బలం గుంజుకుంటది. అదే కుండపోత వానల అద్దం జారుడుగ ఉండి 2.5 ఆంపియర్లే తీసుకుంటే మోటార్‌కు 19 పోతది, పిచ్చి స్పీడు. అంటే లోడు పెరిగితే ఆగుతది, తగ్గితే ఉరుకుతది. 12 వోల్టుల 55 వాట్ల బల్బు ఇంకొంచెం నయం, చల్లగ ఉన్నప్పుడు దాని అడ్డు తక్కువ కాబట్టి మోటార్ మంచిగ ఎత్తుకుంటది, కానీ వైపర్ ఇరుక్కున్న రోజు బల్బు మీద 24 పడి ఠప్పుమని పోతది, వైపర్ ఆగుతది, అది శ్రీశైలం ఘాట్ల మన్ననూరు దాటినంక రాత్రి పూట అయితే ఎట్లుంటదో మీరే అనుకోండి.

అయిదోది రెండు బ్యాటరీల నడిమిట్లకెల్లి 12 గుంజుడు. టేప్ రికార్డర్లకు మన డ్రైవర్లందరూ చేసేదే. రెండు బ్యాటరీలకు ఛార్జింగ్ ఒక్క తీరుగనే పోతది, వాడకం మాత్రం ఒక్కదాని మీద, అది ఎప్పుడూ ఆకలితో ఉంటది, రెండోది అజీర్తితో నీళ్లు మరిగిస్తది, ఏడాది తిరగకముందే రెండు బ్యాటరీలకూ పాడె కట్టాల్సిందే. చిన్న టేపుకే ఇట్లుంటే వానాకాలమంతా వైపర్ నడిపితే ఏమైతదో చూడండి. తప్పదు, ఒక్క రాత్రే అనుకుంటే ఛాసిస్‌కు మైనస్ తగిలి ఉన్న బ్యాటరీ ప్లస్ నుంచే తీయాలె, పైదాని రెండు కొసలకు మోటార్ తగిలిస్తే బాడీ ద్వారా షార్టే, నిప్పులే. బ్యాటరీ ఈక్వలైజర్ అని ఒకటి దొరుకుతది, రెండింటినీ సమానంగ ఉంచుతది, అది పెడితే ఈ దారి బాగే, కానీ అది కొనే పైసలతో మళ్లా మొదటి దారికే పోవచ్చు.

12 మోటార్‌ను 24కు రీవైండింగ్ చెయ్యరాదా అని అడుగుతరు కొందరు, మన ఊర్లల్ల బోరు మోటార్ వైండింగ్ షాపులు గల్లీకి ఒకటి కదా అని. లెక్క సులువే: చుట్లు రెండింతలు, వైరు మందం పదింట్ల ఏడు పాళ్లు, అంటే 0.70 ఎంఎం వైరున్న కాడ 0.50. కానీ వైపర్ ఆర్మేచర్ అరచేతిల పట్టేంత, కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే రాగి పట్టీలు) కొక్కేలు కంపెనీల వెల్డ్ చేసి ఉంటయి, ఇప్పదీస్తే సగం విరుగుతయి. బోరు మోటార్ చుట్టేటాయన దీన్ని చూసి "ఇది గడియారం పని, నాది కాదు" అన్నడు ఒకసారి. పాత మిలిటరీ జీపు లాంటిది, మోటార్ యాడా దొరకంది ఉంటే సెల్ఫ్ మోటార్లు చుట్టే మంచి మేస్త్రీని పట్టుకోండి, మిగతావాటికి దండగ.

ఉల్టా కేసు, బండి 12, చేతిల 24 మోటార్, ఇది తక్కువ ప్రమాదం. కాలదు, మెల్లగ తిరుగుతది, దమ్ము సగం. ట్రాక్టర్ క్యాబిన్‌కు ఒకాయన పెట్టుకున్నడు, ఫాస్ట్ వైరుకు కరెంటిస్తే నిమిషానికి 30 చుట్ల దాకా వస్తది, తుంపర్లకు చాలు. దుమ్ము పట్టిన అద్దం మీద మాత్రం నడిమిట్లనే ఆగిపోతది. 12ను 24 చేసే కన్వర్టర్ పెట్టేది మాత్రం నాకు అర్థం కాని ముచ్చట, 24 మీద 3 ఆంపియర్లు కావాలంటే 12 సైడు 7 దాకా గుంజుతది, అంత తిప్పలెందుకు, 12 మోటార్ జడ్చర్లల దొరుకుతది, సూర్యాపేటల దొరుకుతది, ఏ ఊరి తుక్కు దుకాణంలన్న దొరుకుతది.

బ్యాటరీ ఆటోలు ఇప్పుడు మస్తు తిరుగుతున్నయి, వాటిల్ల చాలావాటికి నాలుగు 12 బ్యాటరీలు కలిపి 48. లైట్లకు హారన్‌కు కంపెనీ ఇచ్చిన కన్వర్టర్ 12 ఇస్తది, వైపర్ కూడ అందుల్నే, కానీ దాని ఆంపియర్లు చదవండి, 10ది ఉంటే లైట్లతో కలిపి మోటార్ మొదలయ్యేటప్పుడు లైట్లు మునుగుతయి. వైపర్‌కు వేరే కన్వర్టర్ పెట్టుకోండి. నాలుగింట్ల ఒక్క బ్యాటరీ నుంచి తీయకండి, రోగం పైన చెప్పిందే, ఇక్కడ ఇంకా తొందరగ వస్తది, ఎందుకంటే బండి నడిచేదే వాటి మీద.

దారిల ఇరుక్కున్నోళ్లకు ఒక్క ముక్క. రాత్రి, వాన, నకిరేకల్ దాటినంక వైపర్ పోయింది, దొరికింది 12 మోటార్ ఒక్కటే. బండిల టేపుకు పెట్టిన కన్వర్టర్ ఉంటది కదా, దాని మీద 10 ఆంపియర్లని రాసుంటే టేపు, ఛార్జర్ బంద్ చేసి, స్లో మీద మాత్రమే, 53ఏ వైరు ఊడదీసి ఇన్సులేషన్ టేప్ చుట్టి నడిపియ్యండి. ఆపినప్పుడు వైపర్ నడిమిట్ల యాడ పడితే ఆడ ఆగుతది, మీరే టైం చూసి కింద ఉన్నప్పుడు ఆపాలె. స్విచ్ వేసే ముందు అద్దం మీద బాటిల్ నీళ్లు పోసుకోండి, ఎండిన అద్దం మీద మొదటి గుంజుడుకే కన్వర్టర్ కట్ అయితది.

ఆ దేవరకొండ టిప్పర్‌కు 53ఏ కూడ కన్వర్టర్ మీదికి మార్చి, 12 పంపు పెట్టిన. రెండు వానాకాలాలు నడిచింది. పోయిన నెల ఆటోనగర్ పోయినప్పుడు ఓనరు తనే 24 మోటార్ తెచ్చి పెట్టించుకున్నడు, కన్వర్టర్ మాత్రం వాపసు ఇయ్యలే, ఇప్పుడు దాని మీద క్యాబిన్ల ఫ్యాన్ తిప్పుతున్నడు.